చలిపెట్టెలో మనిషి – టెలివిజన్ కన్ను

(తృతీయ బి.ఎస్సీ. విద్యార్థి)

మా ఊళ్లో ఎవరి గేదె అయినా ఎదకు వచ్చిందంటే గోపాలమిత్రకు కబురు వెళుతుంది. ఆయన మోటారు సైకిలు వెనక పాలక్యాను లాంటి పాత్ర ఒకటి కట్టుకుని వస్తాడు. మూత తీస్తే తెల్లటి పొగ పైకి లేవదు, అంచు మీదుగా జారి నేలకు దిగుతుంది. చిన్నప్పుడు మేమంతా చుట్టూ మూగి ఆ పొగలో చేతులు పెట్టబోతే మా నాన్న "ఒరేయ్, వేళ్లు ఊడిపోతాయిరా" అని కసిరేవాడు. ఆ పాత్రలో వున్నది ద్రవ నత్రజని అనీ, దాని ఉష్ణోగ్రత సున్నాకు దిగువన 196 డిగ్రీల సెంటిగ్రేడ్ అనీ, అందులో మునిగివున్న సన్నని గొట్టాల్లో ఎక్కడో వున్న మేలుజాతి దున్నపోతు వీర్యం యేళ్ల తరబడి చెడకుండా నిలిచి వుంటుందనీ బి.ఎస్సీ.లో చేరాక తెలిసింది.

ఆ పొగ మళ్లీ నాకు కనిపించింది నిరుడు హాస్టల్లో, ఒక డాక్యుమెంటరీ చిత్రంలో. అయితే ఈసారి పాత్ర మనిషెత్తుకు మించి వుంది. అందులో దాచింది గేదెల కోసం కాదు, మనుషులను. చిత్రం అయిపోయాక గదిలో పెద్ద వాదమే జరిగింది. "ఇదంతా మోసం" అని ఒకడు. "యేమో, రేపు నిజం కావచ్చు" అని ఇంకొకడు. నాకు మాత్రం మరో ప్రశ్న తగులుకుంది. ఆ పాత్రలో వున్న మనిషిని మనం యిలా చూడవచ్చునా? చూడడానికి ఎవరు అనుమతి యిచ్చారు? చనిపోయిన మనిషికి, లేదా చనిపోయాడో లేదో తేలదని కొందరు అంటున్న మనిషికి, మరుగు అనేది వుంటుందా, వుండదా?

పాఠక మిత్రులారా! ఈ ప్రశ్న మనకు దూరమైనదని అనుకోవద్దు. ఎందుకు కాదో చివరికి వచ్చేసరికి మీకే తెలుస్తుంది. ముందుగా విషయం యేమిటో చూద్దాం.

క్రయోనిక్స్ అంటే యేమిటి?

గ్రీకు భాషలో "క్రయోస్" అంటే గడ్డకట్టే చలి. నేటి వైద్యం నయం చేయలేని జబ్బుతో మనిషి మరణించగానే, ఆ శరీరాన్ని అతి శీతల స్థితిలో భద్రపరచి, యేనాటికైనా వైద్యం పెరిగి ఆ మనిషిని తిరిగి లేపగలదనే ఆశతో వుంచడమే క్రయోనిక్స్. ఈ ఆలోచనకు ప్రచారం తెచ్చినవాడు రాబర్ట్ ఎటింగర్ అనే అమెరికా భౌతికశాస్త్ర అధ్యాపకుడు. ఆయన "ది ప్రాస్పెక్ట్ ఆఫ్ ఇమ్మోర్టాలిటీ" అనే పుస్తకాన్ని 1962లో సొంతంగా అచ్చు వేసుకున్నాడు. 1964లో ఒక పెద్ద ప్రచురణ సంస్థ దానిని వెలువరించింది. 1967 జనవరి 12న జేమ్స్ బెడ్‌ఫోర్డ్ అనే మనస్తత్వశాస్త్ర ఆచార్యుడు కాన్సర్‌తో మరణించగా, ఆయన శరీరాన్ని మొట్టమొదట యిలా భద్రపరిచారు. ఆ శరీరం ఈనాటికీ అరిజోనా రాష్ట్రంలోని స్కాట్స్‌డేల్‌లో, ఆల్కార్ అనే సంస్థలో వుంది. ఎటింగర్ 2011లో 92వ యేట మరణించినప్పుడు ఆయననూ తాను మిషిగన్‌లో 1976లో స్థాపించిన క్రయోనిక్స్ ఇన్‌స్టిట్యూట్‌లోనే వుంచారు. రష్యా, చైనా, ఆస్ట్రేలియా, స్విట్జర్లాండ్‌లలో కూడా యిప్పుడు యిలాంటి యేర్పాట్లు వున్నాయి. ప్రపంచం మొత్తం మీద యిలా వున్నవారు కొన్ని వందలమంది.

పని యెలా జరుగుతుందంటే – డాక్టరు చట్టప్రకారం మరణం ప్రకటించేదాకా ఎవరూ చేయి వేయకూడదు. ప్రకటించిన వెంటనే శరీరాన్ని మంచుగడ్డల తొట్టిలో వుంచి, యంత్రంతో గుండెను నొక్కుతూ రక్తప్రసారం కొంతసేపు నడిపిస్తారు. తర్వాత రక్తం తీసేసి, దాని స్థానంలో గడ్డకట్టకుండా కాపాడే రసాయనాలను యెక్కిస్తారు. అప్పుడు మెల్లమెల్లగా చల్లబరిచి, చివరికి స్టీలు పాత్రలో ద్రవ నత్రజనిలో తలకిందులుగా దించుతారు. తలకిందులుగా ఎందుకంటే, యెప్పుడైనా నత్రజని మట్టం తగ్గితే ముందు కాళ్లు వెచ్చబడతాయి గాని తల చిట్టచివరిదాకా చలిలోనే వుంటుంది. కొందరు తలను మాత్రమే భద్రపరచమని వ్రాసి యిస్తారు. ఆ పాత్రలకు కరెంటు అక్కరలేదు. ఆవిరైపోయిన నత్రజనిని మళ్లీ నింపుతూ వుంటే చాలు. మా గోపాలమిత్ర చేసేది కూడా అదే పని.

ఖర్చు? మిషిగన్ సంస్థ శరీరం మొత్తానికి 28,000 డాలర్లు తీసుకుంటుంది. ఆల్కార్‌లో రెండు లక్షల డాలర్ల పైమాటే. చాలామంది జీవిత బీమా పాలసీ ద్వారా ఈ సొమ్ము సమకూరుస్తారు.

సైన్సు యెంతవరకు వచ్చింది?

ఇక్కడ నిజం నిజంగా చెప్పుకోవాలి. ఇలా భద్రపరిచిన మనిషిని ఇంతవరకు ఒక్కరిని కూడా తిరిగి లేపలేదు. మనిషి మాట అటుంచి, ద్రవ నత్రజని ఉష్ణోగ్రతకు చల్లబరిచిన యే పాలిచ్చే జంతువునూ సజీవంగా లేపలేదు.

మరి దున్నపోతు వీర్యం యెలా బతుకుతోంది? 1949లో ఇంగ్లండులో పోల్జ్, స్మిత్, పార్క్స్ అనే శాస్త్రజ్ఞులు గ్లిసరాల్ కలిపితే వీర్యకణాలు చలిని తట్టుకుంటాయని కనుగొన్నారు. కణంలోని నీరు గడ్డకట్టేటప్పుడు స్ఫటికాలుగా మారి, సూదుల్లా కణాన్ని పొడిచేస్తుంది. గ్లిసరాల్ ఆ స్ఫటికాలను తగ్గిస్తుంది. అయినా కొన్ని కణాలు చచ్చిపోతూనే వుంటాయి. అయితే వాటిలో కొంత భాగం బతికినా మన గేదె చూలు కట్టడానికి చాలు. పైగా గొట్టంలో వుండేది మిల్లీలీటరులో పావు వంతు. గోరువెచ్చని నీళ్లలో వేస్తే అర నిమిషంలో సమంగా కరిగిపోతుంది.

మనిషి శరీరం అలాంటిది కాదు. పైన చర్మం చల్లబడినంత తొందరగా లోపల కాలేయం చల్లబడదు. ఒకచోట ముందు, ఒకచోట వెనక చల్లబడితే, వేడి గాజుగ్లాసులో చన్నీళ్లు పోసినప్పుడు పగిలినట్టు కణజాలం పగుళ్లు తీస్తుంది. స్ఫటికాలు రాకుండా ద్రవాన్ని గాజులాగా బిగుసుకునేటట్లు చేసే పద్ధతి ఒకటి వుంది, దానిని విట్రిఫికేషన్ అంటారు. కాని అందుకు కావలసిన రసాయనాలు యెక్కువైతే అవే విషం. అన్నిటికంటే మెదడులో జ్ఞాపకాలను నిలిపే సన్నని అల్లిక యెంత మిగులుతుందో తేలవలసి వుంది.

అలాగని అంతా సున్నా కాదు. కుందేలు మూత్రపిండాన్ని గాజుస్థితికి తెచ్చి, తిరిగి వెచ్చబరిచి, కుందేలుకు అమర్చగా అది పనిచేసిందని 2009లో గ్రెగరీ ఫేహీ బృందం ప్రకటించింది. 2023లో మినెసోటా విశ్వవిద్యాలయం వారు యెలుక మూత్రపిండాలను 100 రోజుల దాకా నిలువ వుంచి, ఐరన్ ఆక్సైడ్ నానో రేణువుల సాయంతో సమంగా వెచ్చబరిచి, యెలుకలకు అమర్చి బతికించారు. అంటే అవయవం దాకా దారి కొంచెం తెరుచుకుంది. మొత్తం మనిషి దాకా తెరుచుకోలేదు. ఈ రెంటి మధ్య తేడాను చెప్పకుండా చూపించే యే కార్యక్రమమైనా ప్రజలను తప్పుదారి పట్టించినట్టే.

టెలివిజన్‌కు యెందుకింత మోజు?

సినిమాల్లో, సీరియళ్లలో గాజుపెట్టె వుంటుంది. లోపల నిద్రపోతున్నట్టు ముఖం కనబడుతుంది. మీట నొక్కగానే పొగ లేచి, కళ్లు తెరుస్తాడు. 1999లో మొదలైన "ఫ్యూచురామా" అనే అమెరికన్ బొమ్మల సీరియల్లో పిజ్జాలు మోసే కుర్రవాడు పొరపాటున అలాంటి పెట్టెలో పడి వెయ్యేళ్ల తర్వాత లేస్తాడు. నవ్వుకోవడానికి బాగానే వుంటుంది. నిజానికి ఆ స్టీలు పాత్రలకు కిటికీ వుండదు, ముఖం కనబడదు. చూడడానికి వరసగా నిలబెట్టిన పాల ట్యాంకుల్లా వుంటాయంతే.

టెలివిజన్ వారికి చిక్కంతా యిక్కడే వచ్చింది. దాని ఆకలి ముఖాల మీద. పాల ట్యాంకును అరగంటసేపు చూపిస్తే ఎవరు చూస్తారు? అందుచేత ముఖాన్ని వెతుక్కుంటూ వెళతారు. చనిపోతున్న మనిషి మంచం దగ్గరికి, యేడుస్తున్న తల్లి దగ్గరికి, ఉద్యోగం మానేసి కోపంగా వున్న పాత ఉద్యోగి దగ్గరికి.

టెడ్ విలియమ్స్ అనే బేస్‌బాల్ క్రీడాకారుడు అమెరికాలో మన గవాస్కర్ అంతటివాడు. 2002 జూలై 5న మరణించాడు. శరీరాన్ని ఆల్కార్‌కు తరలించారు. దహనం చేయమని వీలునామాలో వ్రాశాడని పెద్ద కూతురు, కాదు తర్వాత మనసు మార్చుకున్నాడని కొడుకు, చిన్న కూతురు కోర్టుకు యెక్కారు. 2003 ఆగస్టులో "స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్" పత్రిక, ఆ సంస్థలో పనిచేసిన ఒక ఉద్యోగి యిచ్చిన సమాచారంతో, తల వేరు చేయడం మొదలుకొని వివరాలన్నీ ప్రచురించింది. 2009లో ఆ ఉద్యోగి పుస్తకం వ్రాసి, టెలివిజన్‌లో కూడా చెప్పాడు. ఆయన ఆరోపణలను సంస్థ ఖండించింది. ఎవరిది నిజమైనా, ఒక మహా క్రీడాకారుడి పేరు చెప్పగానే ఆయన బాదిన బంతులకంటె ముందు తల సంగతి గుర్తుకు వచ్చే స్థితి వచ్చింది. టెలివిజన్ హాస్యగాళ్లకు యేళ్ల తరబడి అదొక జోకు అయి కూర్చుంది. ఆ కుటుంబం యింట్లో కూర్చుని అవే జోకులు వినవలసి వచ్చింది.

"రోగి"యా, "శవ"మా?

ఈ విషయంలో అసలు ముడి ఒకటుంది. క్రయోనిక్స్ సంస్థలు పాత్రలో వున్నవారిని "పేషెంట్లు" అంటాయి. చట్టం మాత్రం వారిని మృతులుగానే చూస్తుంది. మృతులైతే మరుగు హక్కు తగ్గుతుంది, రోగులైతే పూర్తిగా వుంటుంది. ఏది పట్టుకోవాలి?

మన దేశంలో 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం, పుట్టస్వామి కేసులో, వ్యక్తి ఏకాంతం ప్రాథమిక హక్కు అని తీర్పు చెప్పింది. కాని 2021లో, జయలలిత జీవితంపై తీసిన సినిమా వివాదంలో, ఆ హక్కు మనిషితోనే ముగిసిపోతుందని, వారసులకు ఆస్తిలాగా సంక్రమించదని మద్రాసు హైకోర్టు అన్నది. వైద్యుల మాట వేరు. రోగి చెప్పిన రహస్యాన్ని అతను చనిపోయాక కూడా కాపాడాలని వైద్యుల జెనీవా ప్రమాణం చెబుతుంది. అమెరికా చట్టంలో ఆసుపత్రి రికార్డులకు మరణానంతరం 50 యేళ్లపాటు రక్షణ వుంది.

నా మట్టుకు నాకు ఈ ముడి విప్పడం అంత కష్టమనిపించలేదు. క్రయోనిక్స్ పనిచేయదనుకుందాం. అప్పుడు పాత్రలో వున్నది మృతదేహం, బయట వున్నది దుఃఖంలో వున్న కుటుంబం. ఆ కుటుంబం కోసమైనా మరుగు కావాలి. పనిచేస్తుందనుకుందాం. అప్పుడు ఆ మనిషి ఒకనాటికి లేచి కూర్చుంటాడు. తనను బట్టలు లేకుండా మంచుతొట్టిలో వేసిన దృశ్యం వందేళ్లుగా లోకమంతా చూసిందని అతనికి తెలుస్తుంది. అప్పుడు సమాధానం ఎవరు చెబుతారు? పనిచేసినా, చేయకపోయినా మర్యాద పాటించినందువల్ల నష్టం లేదు. పాటించకపోతే మాత్రం రెండువైపులా నష్టమే. కనుక "రోగియా, శవమా" అని తేలేదాకా ఆగనక్కరలేదు.

పేరు లేకుండా కథ చెప్పవచ్చు

"పేర్లు, ముఖాలు దాచేస్తే యిక చెప్పడానికి యేముంటుంది?" అని అడగవచ్చు. దీనికి లండన్ హైకోర్టే జవాబు చెప్పింది.

2016లో ఇంగ్లండులో 14 యేళ్ల బాలిక ఒకతె కాన్సర్‌తో చివరి దశలో వుంది. తన శరీరాన్ని భద్రపరచాలని కోరింది. తల్లి సమ్మతించింది, విడిపోయి వున్న తండ్రి మొదట ఒప్పుకోలేదు. బాలిక న్యాయమూర్తికి లేఖ వ్రాసింది. జస్టిస్ పీటర్ జాక్సన్ ఆసుపత్రికి వెళ్లి ఆమెను స్వయంగా చూశాడు. తాను క్రయోనిక్స్ మంచిదని గాని చెడ్డదని గాని అనడం లేదనీ, అంత్య యేర్పాట్లు ఎవరు నిర్ణయించాలన్న తగాదాను మాత్రమే తీరుస్తున్నాననీ చెప్పి, తల్లికి ఆ అధికారం యిచ్చాడు. అక్టోబరు 17న బాలిక మరణించింది. ఆ శరీరాన్ని అమెరికా తరలించారు. ఖర్చు 37,000 పౌండ్లు.

గమనించవలసింది యేమిటంటే, ఆమె బతికి వుండగా ఈ వార్త రాకూడదనీ, మరణించిన నెల తర్వాతనే రావాలనీ, వచ్చినా ఆమె పేరు, తల్లిదండ్రుల పేర్లు, ఆసుపత్రి పేరు వుండకూడదనీ కోర్టు ఆజ్ఞ. నవంబరు 18న వార్త వెలువడింది. ప్రపంచమంతా చదివింది, టెలివిజన్లన్నీ చర్చించాయి. చట్టం యేమంటుంది, ఖర్చెంత, పిల్లల కోరికకు విలువ యెంత అన్నీ మాట్లాడుకున్నారు. శరీరాన్ని సిద్ధం చేయడానికి వచ్చిన స్వచ్ఛంద బృందం సరైన సరంజామా లేకుండా వచ్చిందని ఆసుపత్రి ఆందోళన చెందిన సంగతి కూడా బయటికి వచ్చింది. ఒక్క పేరు మాత్రం రాలేదు. పేరు లేనందువల్ల మనకు తక్కువైందేమైనా వుందా? నాకైతే కనబడలేదు.

ఇక మేము హాస్టల్లో చూసిన చిత్రం "హోప్ ఫ్రోజెన్". పైలిన్ వీడెల్ అనే ఆమె తీసింది. 2021లో అంతర్జాతీయ ఎమ్మీ బహుమతి పొందింది. థాయిలాండుకు చెందిన కుటుంబం తమ రెండేళ్ల పాపను మెదడు కాన్సర్‌తో పోగొట్టుకుని 2015లో ఆల్కార్‌లో వుంచింది. తండ్రి స్వయంగా శాస్త్రజ్ఞుడు. అక్కడ తల్లిదండ్రులు, అన్న తమంతట తాము తెరముందుకు వచ్చి మాట్లాడారు. దర్శకురాలు వాళ్లను యెగతాళి చేయలేదు, అలాగని పాప లేస్తుందని మనకు ఆశ పెట్టనూ లేదు. ఇది మంచి పద్ధతి. అయినా నా మనసులో చిన్న ముల్లు మిగిలింది. తల్లిదండ్రులు ఒప్పుకున్నారు సరే, రెండేళ్ల పాపను ఎవరు అడిగారు? పెద్దవాళ్లు పిల్లల తరఫున ఒప్పుకునేటప్పుడు, ఆ పిల్ల పెరిగి పెద్దదై చూస్తే సిగ్గుపడే దృశ్యం వుండకూడదన్న హద్దు పెట్టుకోవాలని నా అభిప్రాయం.

ముఖం మీద మబ్బు కప్పితే చాలునా?

న్యూయార్కులో ఎ.బి.సి. టెలివిజన్ వారు "ఎన్.వై. మెడ్" అనే కార్యక్రమం కోసం న్యూయార్క్ ప్రెస్బిటేరియన్ ఆసుపత్రిలో చిత్రీకరణ జరిపారు. 2011లో లారీ ఢీకొని ఒక వృద్ధుణ్ణి అక్కడికి తెచ్చారు. ఆయన ప్రాణం పోవడాన్ని ఎవరి అనుమతీ లేకుండా కెమెరా పట్టింది. 2012లో ప్రసారమైంది. ముఖాన్ని మసకచేశారు, పేరు చెప్పలేదు. కాని యింట్లో టీవీ చూస్తున్న భార్య ఆ గొంతు విని, అది తన భర్తేనని గుర్తుపట్టింది. 2016లో ఆసుపత్రి అమెరికా ప్రభుత్వానికి 22 లక్షల డాలర్లు చెల్లించవలసి వచ్చింది.

ఈ సంగతి చదివినప్పుడు నాకు మా బాబాయి గుర్తుకు వచ్చాడు.

నేను యెనిమిదో తరగతిలో వుండగా మా బాబాయి పత్తిచేలో మందు కొడుతూ, గాలి యెదురు తిరగడంతో ఆ తుంపరలు పీల్చి పడిపోయాడు. ముక్కుకు గుడ్డ కట్టుకోలేదు. ఆ యెండలో ఎవరు కట్టుకుంటారు? పట్నంలోని ఆసుపత్రిలో చేర్చాము. రెండో రోజున ఒక ఛానెల్ కుర్రవాడు మైకు పట్టుకుని వార్డులోకి వచ్చాడు. వద్దని చెప్పేవారు లేరు. సాయంత్రం టీవీలో "అప్పుల బాధతో పురుగుల మందు తాగిన రైతు" అని వచ్చింది. ముఖం మీద మసక వేశారు, పేరు చెప్పలేదు. కాని మంచం మీద చాపిన చేయి కనబడింది, ఆ చేతి మీద ఆంజనేయస్వామి పచ్చబొట్టు కనబడింది. పక్కన మా పిన్ని యేడుపు వినబడింది. మా ఊళ్లో ఆ పచ్చబొట్టు తెలియనివాడు ఎవడు?

బాబాయి బతికి యింటికి వచ్చాడు. కాని ఊరికి ఆయన "మందు తాగినోడు" అయిపోయాడు. తాగలేదు, పీల్చాడు అని చెబితే వినేవాళ్లు లేరు. అప్పటిదాకా పంట మీద అరువిచ్చిన యెరువుల కొట్టాయన, "నీకేమన్నా అయితే నా గతేంటి" అని నగదు అడిగాడు. కనిపించినవాళ్లంతా "ధైర్యంగా వుండాలి" అని భుజం తట్టేవారు. ఒకరోజు చేలో పని చేసుకుంటుండగా బాబాయి నాతో అన్నాడు, "మొహం దాచారు గాని, నన్ను దాచలేదురా అబ్బాయ్" అని.

మరుగు అంటే యేమిటో యే పుస్తకమూ నాకింత బాగా చెప్పలేదు. మనిషి అంటే ముఖం ఒక్కటే కాదు. గొంతు, పచ్చబొట్టు, ఊరు, తేదీ, జబ్బు, పక్కన కూర్చున్న మనిషి, యివన్నీ కలిసి పేరు చెప్పేస్తాయి. క్రయోనిక్స్‌లో యిది మరీ నిజం. వున్నదే కొన్ని వందలమంది. "ఫలానా దేశం, ఫలానా వయస్సు, ఫలానా నెల" అంటే చాలు, ఆ మనిషి ఎవరో తేలిపోతుంది.

మన దేశపు ఉదాహరణ ఒకటి

అతి శీతల నిలువ విషయంలో మన దేశానికీ ఒక కథ వుంది. కలకత్తాలో డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ్ పిండాన్ని కొన్నాళ్లపాటు చలిలో నిలువ వుంచి, తల్లి గర్భంలో ప్రవేశపెట్టగా 1978 అక్టోబరు 3న ఆడపిల్ల పుట్టింది. ఆయన మాటను నాటి అధికారులు నమ్మలేదు. అవమానాలు భరించలేక 1981లో ఆయన ప్రాణం తీసుకున్నాడు. ఆయన పని నిజమేనన్న గుర్తింపు చాలా యేళ్లకు గాని రాలేదు. ఆ పాపను పత్రికలు "దుర్గ" అన్న పేరుతోనే పిలిచాయి. లోకం యేమంటుందోనని తల్లిదండ్రులు గుట్టుగా పెంచారు. ఆమె పెరిగి పెద్దదై, 25 యేళ్ల వయసులో, తానే సభలో నిలబడి తానెవరో చెప్పుకున్నది. చెప్పే హక్కు ఆమెది గనుక, చెప్పే వేళ కూడా ఆమె యెంచుకున్నది.

ఆ డాక్టరు జీవితం ప్రేరణగా 1990లో తపన్ సిన్హా "ఏక్ డాక్టర్ కీ మౌత్" అనే హిందీ సినిమా తీశాడు. అందులో పరిశోధనను కుష్టురోగపు టీకాగా మార్చాడు. పాపా లేదు, తల్లీ లేదు. అయినా ఒక శాస్త్రజ్ఞుణ్ణి వ్యవస్థ యెలా నలిపిందో చూసినవారికి పూర్తిగా అర్థమైంది. నిజాన్ని చెప్పడానికి నిజమైన మనిషిని బజారున పెట్టనక్కరలేదని దీనివల్ల తెలుస్తుంది.

అయితే యెలా చూపించాలి?

నాకు తోచినవి కొన్ని వ్రాస్తున్నాను. పెద్దలు తప్పులుంటే దిద్దగలరు.

మొదటిది, అనుమతి. అది ఆ మనిషి బతికి వుండగా, తెలివిలో వుండగా, వ్రాతపూర్వకంగా వుండాలి. "చిత్రీకరించుకోండి" అని ఒక్కముక్క చాలదు. యేది చూపవచ్చు, యేది చూపకూడదు అని విడివిడిగా వుండాలి. ప్రసారమయ్యే రోజుదాకా వెనక్కు తీసుకునే వీలుండాలి. ఆల్కార్‌లో సభ్యులు తమ సంగతి బయటపెట్టవచ్చునో లేదో ముందే వ్రాసి యిచ్చే పద్ధతి వుంది. కేసు వివరాలు వెలువరించేటప్పుడు పేరుకు బదులు సంఖ్య వాడే పద్ధతీ వుంది. టెలివిజన్ వారు దానిని దాటి పోకూడదు.

రెండవది, ముందు అడగడం, తర్వాత కెమెరా తెరవడం. ముందు తీసేసి తర్వాత అడుగుదామనే పద్ధతి ఆసుపత్రిలో పనికిరాదు. చావుబతుకుల మధ్య వున్న యింటివాళ్లు దేనికైనా తల వూపుతారు. అది అనుమతి కాదు.

మూడవది, పని యెలా జరుగుతుందో చూపాలంటే బొమ్మ మీద చూపవచ్చు. ఈ సంస్థల వారు బొమ్మల మీద అభ్యాసం చేస్తారు గదా. ఖాళీ పాత్రను తెరిచి చూపవచ్చు, రేఖాచిత్రాలు వేయవచ్చు. నటులతో తీస్తే "ఇది నాటకీకరణ" అని తెర మీద స్పష్టంగా వేయాలి.

నాలుగవది, ముఖంతోపాటు గొంతు, పచ్చబొట్టు, గది నంబరు, తేదీ, ఊరు, అన్నీ ఒక్కొక్కటిగా చూసి దాచాలి. పక్క మంచం రోగులను, నర్సులను కూడా మరచిపోరాదు.

ఐదవది, సైన్సు విషయంలో తెలిసింది తెలిసినట్టు, ఆశ ఆశగా చెప్పాలి. ఒక సంస్థ ప్రతినిధి మాటతోపాటు దానితో సంబంధం లేని శాస్త్రజ్ఞుడి మాట కూడా వినిపించాలి.

ఇక్కడ మా గదిలోని మిత్రుడు లేవనెత్తిన ఆక్షేపణకు జవాబు చెప్పాలి. "మరుగు, మరుగు అని కూర్చుంటే మోసగాళ్లకు అదే గొడుగు కాదా?" అన్నాడు వాడు. నిజమే. కాలిఫోర్నియాలో చాట్స్‌వర్త్ అనే చోట ఒక శ్మశానంలో నేలమాళిగలో వుంచిన శరీరాలు, డబ్బు చాలక నత్రజని నింపడం ఆగిపోయి, కుళ్లిపోయిన సంగతి 1979లో బయటపడింది. కుటుంబాలు మాత్రం అవి భద్రంగా వున్నాయనే అనుకుంటూ వచ్చాయి. అలాంటిది బయటపెట్టడం పత్రికల, టెలివిజన్ల ధర్మం. కాని బయటపెట్టవలసింది సంస్థ లెక్కలు, నత్రజని నింపిన తేదీలు, తీసుకున్న సొమ్ము, యిచ్చిన మాట. వీటికి మరుగు అక్కరలేదు. ఎవరి శరీరం, యే జబ్బు, యే స్థితిలో వుంది అన్నది చెప్పకుండానే ఈ మోసమంతా చెప్పవచ్చు. సంస్థ మీద యెంత వెలుగైనా వేయండి, మనిషి మీద మాత్రం దుప్పటి కప్పి వుంచండి.

చివరి మాట

మా ఊళ్లో ఎవరైనా చనిపోతే, స్నానం చేయించేటప్పుడు నాలుగువైపులా చీరలు అడ్డం పట్టుకుంటారు. పట్టుకున్నవాళ్లు కూడా ముఖం పక్కకు తిప్పుకుంటారు. ఎవరూ నేర్పలేదు, ఎవరూ చట్టం చేయలేదు. చనిపోయినవాడు మళ్లీ లేచి వస్తాడనే నమ్మకంతో చేసే పని కాదది. వాడు మన మనిషి గనుక చేసే పని.

మనిషెత్తుకు మించిన స్టీలు పాత్రలో, మన గేదెలకు తెలిసిన అదే నత్రజనిలో, తలకిందులుగా వున్న మనిషి ఎప్పటికైనా లేస్తాడా లేడా అన్నది భౌతిక, రసాయన, జీవశాస్త్రాలు తేల్చవలసిన విషయం. తేలడానికి వందేళ్లు పట్టవచ్చు, అసలు తేలకపోనూవచ్చు. ఆ చీర పట్టుకోవడానికి మాత్రం యే శాస్త్రం తేలేదాకా ఆగనక్కరలేదు. రేపు మనలో కొందరు డాక్టర్లు అవుతారు, కొందరు పత్రికల్లో, టెలివిజన్లో చేరతారు. చేతిలో ఫోను వున్న మిగతావాళ్లందరం యీవేళే కెమెరామన్లం. ఆసుపత్రి గుమ్మం దగ్గర ఫోను పైకెత్తబోయే ముందు, మా బాబాయి చేతి మీది పచ్చబొట్టును ఒక్కసారి తలచుకోమని మనవి.